పికప్ మెత్తగా నడవాలంటే: షాక్ అబ్జార్బర్లు కొనే ముందు

(చెన్నైలో తెలుగు వాహన యజమానులు, డ్రైవర్ల ఆదివారపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రాత్రంతా నడిపి, తెల్లవారుజామున కోయంబేడులో లోడు దింపి, నిద్ర మానుకుని ఇక్కడికి వచ్చిన డ్రైవర్ అన్నలకు మరీ మరీ నమస్కారం. మీకోసమే ఈ మాటలు సిద్ధం చేసుకున్నాను.

నన్ను కలిసినవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "బండి బాగా ఎత్తేస్తోంది. ఏ కంపెనీ షాక్‌లు వేయించమంటారు?" నేను కంపెనీ పేరు చెప్పను. వారంలో ఎక్కువ రోజులు బండి ఎంత బరువుతో తిరుగుతుందని తిరిగి అడుగుతాను. సగంమంది దగ్గర దానికి సమాధానం ఉండదు. "లోడు బండే కదా, బాగా గట్టివి కావాలి" అంటారు. మెత్తగా నడవాలని వచ్చినవాళ్లు గట్టివి అడిగి కొనుక్కుపోతారు. డబ్బు పెట్టి మరీ నడుం నొప్పి తెచ్చుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఇదే: షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. మోసేది కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు, లేదా చుట్టలా ఉండే కాయిల్ స్ప్రింగులు. షాక్ చేసే పని ఆ స్ప్రింగు ఊగులాటను ఆపడం. ఎంత ఊగులాటను ఆపాలన్నది బండి మీద ఎంత బరువుందన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి బరువు తెలియకుండా షాక్ ఎంచుకోవడం కుదరదు.

ముందు లోపల ఏముందో చూద్దాం. ఒక గొట్టం, దాని నిండా ఆయిల్, అందులో పైకీ కిందికీ కదిలే పిస్టన్, ఆ పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటిని మూసే పలుచని ఉక్కు బిళ్లలు. చక్రం గుంతలో పడితే పిస్టన్ కదులుతుంది, ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి దూరి అవతలికి పోవాలి. ఇంజక్షన్ సిరంజిని నెమ్మదిగా నొక్కితే మందు హాయిగా వస్తుంది, గట్టిగా ఒక్క తోపు తోస్తే ఎదురు తిరుగుతుంది కదా, ఇక్కడా అంతే. షాక్ చూపే బలం అది ఎంత దూరం కదిలిందన్నదాన్ని బట్టి ఉండదు, ఎంత వేగంగా కదిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు కిందికి దిగినప్పుడు పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. పదునైన గుంత అంచు తగిలినప్పుడు దానికి ఎన్నో రెట్ల వేగంతో కదులుతుంది. మంచి షాక్‌కూ మామూలు షాక్‌కూ ఉన్న తేడా చాలావరకు ఇక్కడే తెలుస్తుంది. నెమ్మది కదలికలో తగినంత పట్టు ఉండాలి, వేగం పెరిగాక ఆ బిళ్లలు బాగా తెరుచుకుని ఆయిల్‌ను వదిలేయాలి. మొదట్లో పట్టు లేకుండా, వేగం పెరిగేకొద్దీ బిగుసుకుపోయే షాక్ మీకు రెండు కష్టాలూ తెస్తుంది. హైవే మీద బండి పడవలా తేలుతుంది, గుంతలో గుద్దుతుంది.

కదలిక రెండు వైపులా ఉంటుంది. చక్రం పైకి వచ్చి షాక్ ముడుచుకుంటే బంప్ అంటారు, చక్రం కిందికి దిగి షాక్ సాగితే రీబౌండ్ అంటారు. మామూలుగా రీబౌండ్ బలాన్ని బంప్ బలం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా పెడతారు. గుంత దెబ్బను పైకి చేరవేసేది బంప్ వైపు బలం, అందుకే దాన్ని తక్కువగా ఉంచుతారు. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి విసిరే విసురును పట్టుకునేది రీబౌండ్. అలాగని రీబౌండ్‌ను మితిమీరి పెంచినా ప్రమాదమే. టోల్ గేటు ముందు వరుసగా వేసే తెల్లని గట్ల మీద మీ బండి మొదటి రెండింటికీ బాగానే ఉండి, తర్వాత మరీ కటువుగా కొట్టుకుంటోందా? రీబౌండ్ ఎక్కువైంది. ఒక గట్టు దాటాక చక్రం పూర్తిగా కిందికి దిగేలోపే రెండోది తగులుతుంది, ఇంకా దిగేలోపే మూడోది. ఒక్కో గట్టుకూ బండి కొంచెం కొంచెం కిందికి కుంగుతుంది. చివరికి స్ప్రింగు ప్రయాణం అయిపోయి బంప్ స్టాప్ రబ్బరు మీద కూర్చుంటుంది. ఇంకా గట్టి షాక్ వేస్తే ఇది ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి, ఈ లెక్క మీ డబ్బు కాపాడుతుంది.

ఒక పికప్ అనుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక స్ప్రింగుల మీద 600 కిలోలు ఉందనుకోండి. వెనుక రెండు కమాన్ కట్టలూ కలిపి సుమారు 10 కిలోలకు 1 మిల్లీమీటరు దిగుతాయనుకోండి. అంటే తొట్టిలో 1,000 కిలోల సరుకు వేస్తే వెనుక భాగం దాదాపు 100 మిల్లీమీటర్లు దిగుతుంది. ఈ బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క తోపు తోస్తే సెకనుకు దాదాపు 2 సార్లు ఊగుతుంది. లోడుతో ఉంటే దాదాపు 1.25 సార్లు. మంచి కార్లు ఊగేది సెకనుకు 1 నుంచి 1.5 సార్ల మధ్య. చూశారా, నిండు లోడుతో ఉన్న పికప్ కారులాగే ఊగుతోంది. ఖాళీ పికప్ దానికి ఒకటిన్నర రెట్లకు మించిన వేగంతో ఎగురుతోంది. "లోడు వేస్తే బండి హాయిగా ఉంటుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చంపేస్తుంది" అని డ్రైవర్లు చెప్పేది అక్షరాలా నిజం. అది డిజైనులోనే ఉంది. ప్రపంచంలో ఏ షాకూ ఈ సంఖ్యలను మార్చలేదు, ఎందుకంటే అవి స్ప్రింగునూ బరువునూ బట్టి వచ్చినవి.

మరి షాక్ చేతిలో ఏముంది? బండిని కిందికి నొక్కి వదిలితే, అటూ ఇటూ ఒక్క ఊపు కూడా ఊగకుండా నేరుగా వచ్చి నిలబడటానికి కావలసిన నిరోధాన్ని నూరు శాతం అనుకుందాం. హాయిగా ఉండాలంటే అందులో 20 నుంచి 40 శాతం చాలు. మన బండికి ఖాళీగా ఉన్నప్పుడు 30 శాతం ఇచ్చే షాక్ వేశామనుకోండి. అదే షాక్, 1,000 కిలోల లోడుతో 18 శాతానికి పడిపోతుంది. బరువు పెరిగింది, షాక్ మాత్రం అదే. బండి కొంచెం తేలుతుంది. ఇప్పుడు తిరగేసి చూడండి. నిండు లోడుకు 30 శాతం ఇచ్చే షాక్ వేస్తే, ఖాళీగా ఉన్నప్పుడు అది 49 శాతం, అంటే దాదాపు సగం అవుతుంది. అసలే సెకనుకు రెండుసార్లు ఎగిరే వెనుక భాగం, పైగా గుంత దెబ్బను తిన్నగా చాసీకి చేరవేసే షాక్. వెనుక సీట్లో కూర్చున్న అమ్మగారి వెన్నెముక సంగతి మీరే ఆలోచించండి.

కాబట్టి మీ బండి వారంలో ఎక్కువ భాగం ఎలా తిరుగుతుందో దానికి తగినది కొనాలి. నెలకొకసారి నిండు లోడు వేసేవాళ్లు ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ బాధపడకూడదు. ఆ రోజు వేగం తగ్గించి నడపండి.

అక్కడ మూడో వరుసలో అన్నగారు చెయ్యెత్తారు. ఏమిటన్నా? ... ఆయన మదనపల్లె వైపు నుంచి టమోటా తెస్తారట, వచ్చేటప్పుడు నిండా లోడు, పోయేటప్పుడు ఖాళీ ట్రేలు. సగం దూరం అలా, సగం దూరం ఇలా. మీ లాంటివారికే కష్టం, ఒప్పుకుంటాను. మీకు రెండు దారులున్నాయి. ఒకటి, రెండింటికీ మధ్యస్థంగా ఉండే ట్విన్ ట్యూబ్ షాక్ తీసుకోవడం. రెండోది, తిప్పి సరిచేసుకునే షాక్. అమెరికా కంపెనీ రాంచో చేసే ఆర్‌ఎస్ 9000 ఎక్స్‌ఎల్ రకానికి తొమ్మిది స్థానాలున్న మీట ఉంటుంది, చేత్తోనే తిప్పవచ్చు. ఇంకా కొన్ని కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. మీ బండికి సరిపడే కొలతలో దొరికితే వెనుక జతకు మాత్రం అలాంటివి వేసుకుని, లోడు దింపాక రెండు మూడు మెట్లు తగ్గించుకోండి. ఒక నిమిషం పని. కానీ బద్ధకించి ఎప్పుడూ ఒకే స్థానంలో ఉంచేస్తే పెట్టిన డబ్బు వృథా. మీ స్వభావం మీకే తెలుసు.

ట్విన్ ట్యూబ్ అన్నాను కదా, అది చెబుతాను. ఇందులో గొట్టంలో గొట్టం ఉంటుంది. పిస్టన్ లోపలి గొట్టంలో నడుస్తుంది, పొంగిన ఆయిల్ బయటి గొట్టంలోకి పోతుంది. పైన కొద్దిపాటి ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు. మోనో ట్యూబ్‌లో ఒకే గొట్టం. ఆయిల్‌నూ గ్యాస్‌నూ వేరుచేస్తూ మధ్యలో ఇంకో చిన్న పిస్టన్ తేలుతూ ఉంటుంది, అవతల 20, 25 బార్ల ఒత్తిడితో గ్యాస్. ఈ రకాన్ని ఫ్రాన్సులో క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ అనే ఆయన రూపొందించారు. జర్మనీ కంపెనీ బిల్‌స్టైన్ తయారుచేసి 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు ఇచ్చింది. ఆ గ్యాస్ ఎందుకంటే, పిస్టన్ గబగబా కదిలినప్పుడు ఆయిల్‌లో బుడగలు లేచి నురగ అవుతుంది. నురగలో పిస్టన్‌కు పట్టు దొరకదు. ఒత్తిడి పెడితే బుడగలు లేవవు.

మోనో ట్యూబ్ వేడిని బాగా బయటికి వదులుతుంది, ఎటు వాలినా పనిచేస్తుంది, చిన్న కదలికకూ వెంటనే స్పందిస్తుంది. మరి అదే మంచిదా? మెత్తదనం కోరేవారు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లోపలి ఒత్తిడి, పిస్టన్‌కు తగిలించిన కడ్డీని ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. కడ్డీ మందం 14 మిల్లీమీటర్లు, ఒత్తిడి 25 బార్లు అనుకుంటే ఆ తోపు దాదాపు 39 కిలోలు వస్తుంది. రెండు షాక్‌లకు 78. ట్విన్ ట్యూబ్‌లో 5 బార్లు అనుకుంటే ఒక్కోదానికి 8 కిలోలే. ఖాళీ పికప్ వెనుక భాగానికి ఈ 78 కిలోల తోపు చిన్నదేమీ కాదు. వెనుక కొంచెం లేస్తుంది, చిన్న చిన్న గతుకుల మీద కొంచెం బిరుసుగా ఉంటుంది. పైగా మోనో ట్యూబ్‌కు బయటి గోడే పిస్టన్ నడిచే గోడ. రాయి ఎగిరి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్‌కు పైపైన సొట్ట పడినా లోపలి గొట్టం బాగుంటే పని జరుగుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చెన్నైలో తిరుగుతూ, వారాంతంలో కుటుంబంతో నెల్లూరుకో తిరుపతికో వెళ్లే, వెనుక సీటు కూడా ఉన్న డబుల్ క్యాబ్ పికప్‌కు, తొట్టి ఎక్కువగా ఖాళీగా ఉండేదానికి, తక్కువ ఒత్తిడి గ్యాస్ నింపిన మంచి ట్విన్ ట్యూబ్ చాలు. బరువుతో గంటల తరబడి గతుకుల రోడ్డు మీద వేగంగా నడిపేవాళ్లకు మోనో ట్యూబ్ పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది. పక్కన విడిగా ఆయిల్ డబ్బా తగిలించిన ఖరీదైన షాక్‌లున్నాయే, అవి ఎడారిలో వందల కిలోమీటర్ల అలల రోడ్డు మీద ఆయిల్ కాగిపోకుండా ఉండటానికి చేసినవి. 16వ నంబరు జాతీయ రహదారి మీద గుమ్మిడిపూండి దాటి తడ మీదుగా పోయే మనకు ఆ వేడి పుట్టదు. చూడటానికి అందంగా ఉంటాయి, కాదనను.

ఒకే కంపెనీలో కూడా రెండు రకాలూ ఉంటాయని గుర్తుంచుకోండి. జపాను కేవైబీలో ఎక్సెల్-జీ ట్విన్ ట్యూబ్, గ్యాస్-ఎ-జస్ట్ మోనో ట్యూబ్. కొట్లో "కేవైబీ ఇవ్వండి" అంటే చాలదు. డచ్ కంపెనీ కోనీ ఎఫ్‌ఎస్‌డి అనే రకంలో ఇంకో వాల్వు పెట్టింది. గబగబా వచ్చే చిన్న కదలికలకు అది నిరోధం తగ్గిస్తుంది, నెమ్మదిగా వచ్చే పెద్ద ఊపుకు పూర్తి నిరోధం ఇస్తుంది. ఆలోచన నాకు చాలా నచ్చుతుంది, మెత్తదనం కోసమే పుట్టినది. ఆస్ట్రేలియా టఫ్ డాగ్ కంపెనీ గ్యాస్ బదులు నురుగు రబ్బరు లాంటి పదార్థం పెట్టి బుడగలు రాకుండా చూస్తుంది. మన దేశంలో గాబ్రియేల్ ఇండియా 1961 నుంచి ఈ పనిలోనే ఉంది. బండితో పాటు వచ్చిన రకం షాక్‌నే మళ్లీ వేయించుకోవడం చాలామందికి సరైన నిర్ణయం, దాన్ని తక్కువగా చూడకండి. ఆ బండి స్ప్రింగులకు, ఆ బరువుకు ఇంజనీర్లు నెలల తరబడి కూర్చుని సరిచేసిన షాక్ అది. మీ పాత షాక్ బాగాలేదని మీరు అనుకుంటున్నది, చాలాసార్లు, అరిగిపోయిన షాక్ గురించి.

అమ్మా, మీరు అడగండి. ... వీళ్లది ఇసుజు వి-క్రాస్. ఆంధ్రా సరిహద్దు దాటగానే ఉన్న శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న బండి. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కమాన్ పట్టీలు. బెంగళూరు పక్కన బిడదిలో తయారయ్యే టయోటా హైలక్స్‌దీ అదే ఏర్పాటు. వీరి ఫిర్యాదు వినండి: ముందు సీట్లో బాగుంది, వెనుక కూర్చున్న పిల్లలకు వాంతులు, పెద్దవాళ్లకు నడుం నొప్పి. షాక్‌లు మార్చాలా అని అడుగుతున్నారు.

అమ్మా, షాక్‌ల కంటే ముందు చూడవలసినవి ఉన్నాయి. మొదటిది టైర్లలో గాలి. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఖాళీ బండికి ఎంత, లోడు బండికి ఎంత అని ఉంటుంది. పెట్రోలు బంకులో అబ్బాయి "పికప్ కదా" అని లోడు గాలి నింపేస్తాడు. నెలల తరబడి ఖాళీ బండి ఆ గాలితో తిరుగుతుంది. టైరే మొదటి స్ప్రింగు. అది రాయిలా ఉంటే ఎంత ఖరీదైన షాక్ వేసినా పదును తగ్గదు. రేపు ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించండి. పైసా ఖర్చు లేని పని. దీనితోనే బాధ చాలావరకు తీరినవాళ్లను చూశాను. అలాగే లావుపాటి గాడుల టైర్లు, ఎక్కువ పొరలున్నవి వేయించుకున్నారా? వాటి బరువు చక్రానికి తోడై ప్రతి గుంతలో మరింత బలంగా తన్నుతుంది.

రెండోది కమాన్ కట్ట. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే చెన్నైవాళ్లకు ఇది ప్రత్యేకమైన బాధ. పట్టీల మీద పట్టీలు పేర్చి బిగించిన కట్ట వంగాలంటే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. జారేటప్పుడు రాపిడి ఉంటుంది. ఆ రాపిడి కూడా ఊగులాటను ఆపుతుంది, కానీ షాక్‌లా తెలివిగా కాదు. షాక్ నెమ్మది కదలికకు తక్కువ ఎదురిస్తుంది, రాపిడికి ఆ వివేకం లేదు. ఒక స్థాయి బలం దాటేవరకు కట్ట అసలు కదలనే కదలదు. అంటే చిన్న చిన్న గతుకులన్నీ స్ప్రింగు లేనట్టే తిన్నగా సీటు దాకా వస్తాయి. కట్ట కదలకపోతే షాకూ కదలదు, కదలని షాక్ ఏ పనీ చేయలేదు. ఇప్పుడు మన ఊరి గాలి చూడండి. ఎన్నూరు నుంచి తూర్పు తీర రహదారి దాకా ఉప్పుగాలి. దాని మీద ఈశాన్య రుతుపవనాల వాన, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మోకాలి లోతు నీళ్లలో నడవడం. పట్టీల మధ్య తుప్పు పేరుకుంటుంది, పట్టీ చివర్లలో ఉండే నైలాన్ ముక్కలు అరిగి ఊడిపోతాయి. రాపిడి పెరిగిపోతుంది. ఇంతలో యజమాని మూడో జత షాక్‌లు మారుస్తూ ఉంటాడు.

కట్ట విప్పించి, తుప్పు గీకించి, నైలాన్ ముక్కలు కొత్తవి వేయించి, రెండు చివర్ల రబ్బరు బుష్‌లూ, కట్ట చివరను చాసీకి తగిలించే షాకిల్ బుష్‌లూ మార్పించండి. తిరిగి బిగించేటప్పుడు మధ్య యు-బోల్టులను కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాలి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూడాలి. ఈ పని తెలిసిన పాత కమాన్ మేస్త్రీలు రెడ్‌హిల్స్, మాధవరం లారీ షెడ్ల దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్ల చేతిపని ముందు నాకు తల వంచాలనిపిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మెత్తదనం కోసమని ఒక పట్టీ తీసేయించుకునేవాళ్లున్నారు. బండి మోయగలిగే బరువు తగ్గిపోతుంది, మిగిలిన పట్టీల మీద భారం పెరిగి అవి విరిగే ప్రమాదం ఉంటుంది. వద్దు.

ఇంకొకటి. మనిషి శరీరం నిలువు కుదుపును ఎక్కడ బాగా బాధపడుతుందో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 చెబుతుంది: సెకనుకు 4 నుంచి 8 సార్లు కుదిపితే. కడుపు, వెన్ను అక్కడే తల్లడిల్లుతాయి. కాంక్రీటు రహదారి పలకలు మామూలుగా 4.5 మీటర్ల పొడవు ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు దాదాపు 5 అతుకులు తగులుతాయి, సరిగ్గా ఆ బాధించే భాగంలో. వేగాన్ని 60కి తగ్గిస్తే 3.7 అవుతుంది, ఆ హద్దు దాటి బయటికి వస్తుంది. అమ్మా, పిల్లలు బాధపడే ఆ కాంక్రీటు భాగంలో వేగం మార్చి చూడమని మీ డ్రైవరుకు చెప్పండి. ఇవన్నీ చేశాక కూడా బాధ ఉంటే అప్పుడు షాక్‌లు చూద్దాం.

షాక్ పోయిందని ఎలా తెలుస్తుంది? కారు మూల మీద కూర్చుని ఊపి చూసే పద్ధతి పికప్ వెనుక పనిచేయదు, కమాన్ బిరుసుకు మనిషి బరువు చాలదు. గొట్టం మీద పలుచగా నూనె తడి ఉంటే కంగారు పడనక్కర్లేదు. ధారగా కారి మట్టి ముద్దలా అంటుకుని ఉంటే పోయినట్టే. టైరును అరచేత్తో నిమిరితే ఎత్తుపల్లాలుగా అరిగి ఉండటం, గతుకుల మలుపులో వెనుక భాగం పక్కకు గెంతడం, ఒక స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు ఊపులు ఊగడం కూడా గుర్తులే. గతుకుల రోడ్డు మీద కొంతసేపు నడిపి ఆపి, చేతి వెనుక భాగాన్ని జాగ్రత్తగా దగ్గర పెట్టి రెండు వెనుక షాక్‌ల వేడి పోల్చండి. ఊగులాటను ఆపేటప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. ఒకటి వెచ్చగా, ఇంకొకటి చల్లగా ఉంటే చల్లనిది పని మానేసింది. దాదాపు 80,000 కిలోమీటర్లకు మార్చమని మన్రో లాంటి తయారీదారులు చెబుతారు, మన రోడ్ల మీద అంతకు ముందే ఒకసారి చూపించుకోవడం మేలు.

ఒకటే మార్చవచ్చా అని తమ్ముడు అడుగుతున్నాడు. వద్దు. ముందు జత, లేదా వెనుక జత. కుడి ఒకలా, ఎడమ ఒకలా పట్టుకుంటే వానలో బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

కొనేటప్పుడు చూసుకోవలసిన కొలతలు చెబుతాను. పూర్తిగా సాగిన పొడవు, పూర్తిగా ముడిచిన పొడవు, పైనా కిందా బిగించే తీరు, బుష్ రంధ్రం. ముడిచిన పొడవు ఎక్కువైతే బంప్ స్టాప్ రబ్బరు తగలకముందే షాక్ అడుగు తాకుతుంది. ఆ దెబ్బకు వాల్వులు పగిలిపోతాయి, చాసీ బ్రాకెట్ చీలుతుంది. వాలు కూడా ముఖ్యమే. వెనుక షాక్‌లు 45 డిగ్రీలు వాలి ఉంటే చక్రం 100 మిల్లీమీటర్లు కదిలినప్పుడు షాక్ 70 మిల్లీమీటర్లే కదులుతుంది, చక్రం దగ్గర దాని బలం సగమే పనిచేస్తుంది. అందుకే నిలువుగా ఉండే బండి షాక్‌ను తెచ్చి వాలుగా ఉండే బండికి వేస్తే లెక్క తప్పుతుంది. చాలా పికప్‌లలో ఒక షాక్ ఇరుసుకు ముందు, ఇంకొకటి వెనుక ఉంటాయి. కమాన్ మెలితిరిగి ఇరుసు గెంతకుండా ఉండటానికి అలా పెట్టారు. "చక్కగా సమానంగా పెడతా" అని బ్రాకెట్లు మార్చే మెకానిక్‌ను ఆపండి.

బండి ఎత్తు పెంచి పొడవు షాక్‌లు వేయడం గురించి కూడా ఎవరో అడిగారు. దానితో మెత్తదనం రాదు, పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అదే కొలతలో షాక్ మార్చుకోవడం వేరు, బండి రూపం మార్చడం వేరు.

బండి విడిభాగాల కొట్లున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అన్నీ దొరుకుతాయి, వెళ్లండి. కానీ ఏ ఊరి బజారులోనైనా పెట్టె మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి ఉండవచ్చు. కడ్డీ క్రోమ్ పూత నున్నగా ఉందో లేదో, గొట్టం మీద నంబరు, పెట్టె మీద నంబరు ఒకటేనో కాదో చూడండి, బిల్లు తీసుకోండి.

బిగించే రోజు మీరు పక్కనే నిలబడండి. ట్విన్ ట్యూబ్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు సాగదీసి ముడవాలి, లోపల గాలి పైకి పోతుంది. కడ్డీని పటకారుతో పట్టనివ్వకండి, ఆ గీత దగ్గరే సీలు తెగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బుష్ బోల్టుల చివరి బిగింపు బండి తన బరువుతో చక్రాల మీద నిలబడి ఉండగా జరగాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి స్ప్రింగులా ఎదురిస్తుంది. కొత్త షాక్ వేసినా బిరుసుగా ఉందని వచ్చే బండ్లలో ఎన్నిటికో కారణం ఇదే. ముందు కాయిల్ స్ప్రింగులోపల ఉన్న షాక్‌ను మాత్రం స్ప్రింగును బిగించి పట్టే సరైన పరికరం లేని చోట విప్పించకండి. ఆ స్ప్రింగు జారితే ప్రాణం పోతుంది.

కొత్తవి వేశాక మొదట మీరు రోజూ వెళ్లే దారిలో, మీ మామూలు బరువుతో, తలుపు మీద కాగితం చెప్పిన గాలితో నడపండి. వెయ్యి కిలోమీటర్లకు బోల్టులు ఒకసారి చూపించండి. తేలుతుందా, గుద్దుతుందా, వణుకుతుందా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. "బాగాలేదు" అంటే మెకానిక్ ఏమీ చేయలేడు. తేలితే షాక్ చాలలేదు, గుద్దితే షాక్ ఎక్కువైంది లేదా గాలి ఎక్కువైంది, సన్నగా వణికితే టైర్లూ బుష్‌లూ కమానూ చూడాలి.

బయట మీరు నిలిపిన బండ్లలో కమాన్ పట్టీల పికప్‌లు చాలా కనబడ్డాయి. పెద్ద టార్చిలైటు, టైరు గాలి కొలిచే మీటరు తెచ్చాను. చీకటి పడకముందే ఒక్కొక్కటిగా కిందికి వంగి చూద్దాం. మదనపల్లె అన్నగారి బండితో మొదలుపెడదాం, ఆయన రాత్రికి మళ్లీ బయలుదేరాలి.